కాలిన మెడకు ఆపరేషన్ తరువాత: కోలుకునే ఏడాదిలో ఏమి జరుగుతుంది?

"కట్టు విప్పాక నా ముఖం మునుపటిలాగే ఉంటుందా సిస్టరమ్మా?" కాలిన మచ్చలకు ఆపరేషన్ చేయించుకోవడానికి మా వార్డులో చేరినవారు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. మేము నిజమే చెబుతాము. మునుపటిలాగే ఉండదు. కాని తల ఎత్తి ఆకాశం చూడగలుగుతారు. పెదవులు కలిసి నోరు మూసుకుంటుంది. అన్నం తింటుంటే పక్కకు కారిపోదు. రోడ్డు దాటేటప్పుడు ఒళ్ళంతా తిప్పకుండా మెడ మాత్రం తిప్పి చూసుకోగలుగుతారు. ఇది చిన్న విషయం కాదని, గడ్డం ఛాతీకి అతుక్కుపోయి సంవత్సరాలు గడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆపరేషన్ థియేటరులో జరిగేది ఈ పనిలో సగమే. డాక్టరుగారి పని కొన్ని గంటల్లో పూర్తవుతుంది. మిగతా సగం ఇంటిలో, ఆరు నెలల నుండి ఏడాది పాటు, రోగి చేతిలోను ఇంటివారి చేతిలోను ఉంటుంది. ఆ సగం సరిగా జరగక, విడిపించిన మెడ మళ్ళీ కిందికి లాక్కుపోయి తిరిగి వచ్చినవారిని మేము చూశాము. అందుకే ఆపరేషన్ తరువాత ఏ రోజున ఏమి జరుగుతుంది, ఏది మామూలు, ఏది ప్రమాదం, ఇంటిలో ఏమి చేయాలి అనే విషయాలను ఈ వ్యాసంలో వివరంగా చెప్పదలిచాము.

సినిమావాళ్ళు ముడతలు పోవడానికి చేయించుకునే ముఖం ఆపరేషన్ గురించి మీరు వినే ఉంటారు. ఇది దానికి తలకిందులు. అక్కడ ఎక్కువైన చర్మాన్ని తీసి బిగిస్తారు. ఇక్కడ తక్కువైన చర్మాన్ని వేరే చోటు నుండి తెచ్చి అతుకుతారు. రెండింటిలోను ముఖం వాస్తుంది, కొంతకాలం తిమ్మిరిగా ఉంటుంది, తలవైపు ఎత్తు పెట్టి పడుకోవాలి. పోలిక అంతవరకే.

మెడ ఎందుకు బిగుసుకుపోతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరు లేదా తీవ్రమైన కాలిన గాయాల పాలవుతున్నారు. వారిలో చాలామందికి ప్రాణం దక్కుతుంది, కాని గాయం మానిన తరువాత అసలు కష్టం మొదలవుతుంది.

పైపైన కాలిన గాయం రెండు వారాల లోపు మానిపోతుంది, పెద్ద మచ్చ మిగలదు. లోతుగా కాలిన చోట కొత్త చర్మం పుట్టడానికి కింద ఏమీ మిగలదు. అప్పుడు శరీరం గాయం అంచులను దగ్గరకు లాగి మూస్తుంది. మూడు వారాలు దాటినా మానని గాయానికి దళసరి మచ్చ, బిగుతు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. కడుపు మీద ఇలా లాగితే పెద్దగా తెలియదు. మెడ ముందు భాగంలో చర్మం పలుచన, వదులు. అక్కడ మచ్చ లాగితే గడ్డం కిందికి వస్తుంది, కింది పెదవి తిరగబడుతుంది, ఒక్కొక్కసారి కంటి కింది రెప్ప కూడా జారిపోతుంది.

దీనికి మనం తెలియక చేసే సహాయం ఒకటుంది. నొప్పిగా ఉందని తల కింద మెత్తటి దిండు పెడతాము. మెడ ముందుకు వంగి ఉంటే నొప్పి తక్కువగా ఉంటుంది, కాని ఆ వంపులోనే గాయం మానిపోతుంది. హాయిగా ఉన్న భంగిమే బిగుసుకుపోయే భంగిమ అవుతుంది. ఆపరేషన్ తరువాత కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆపరేషన్‌లో ఏమి చేస్తారు?

బిగిసిన మచ్చను అడ్డంగా కోసి మెడను విడిపిస్తారు. అప్పుడు అరచేయి అంత, ఒక్కొక్కసారి అంతకన్నా పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని కప్పడానికి ఎక్కువగా తొడ నుండి అర మిల్లీమీటరుకు లోపు మందం గల చర్మాన్ని పొరలా తీసి అక్కడ పరిచి కుడతారు. దీనినే గ్రాఫ్టింగు అంటారు. దానిపైన దూదిని మూటలా పెట్టి, కుట్ల దారాలతోనే బిగించి కడతారు. చర్మం కదలకుండా, కింద రక్తం చేరకుండా ఈ మూట కట్టు కాపాడుతుంది. కొందరికి గ్రాఫ్టింగుకు బదులు పక్కనున్న మంచి చర్మాన్ని జరిపి అమరుస్తారు. మచ్చ ఎంత ఉంది, చుట్టూ మంచి చర్మం ఎంత ఉంది అని చూసి డాక్టరుగారు నిర్ణయిస్తారు.

మత్తు విషయంలో ఒక మాట. మెడ వెనక్కి వంగదు కనుక గొంతులో శ్వాస గొట్టం వేయడం ఈ రోగులలో కష్టం. అందువలన మత్తు డాక్టరుగారు ముందురోజే వచ్చి నోరు ఎంత తెరుచుకుంటుంది, మెడ ఎంత కదులుతుంది అని పరీక్షిస్తారు. కదిలే పళ్ళు, ఉబ్బసం, గురక, లోగడ జరిగిన ఆపరేషన్లు ఏవి ఉన్నా వారికి దాచకుండా చెప్పండి.

మొదటి రెండు రోజులు

మెలకువ వచ్చేసరికి మెడ చుట్టూ పెద్ద కట్టు, దానిపైన కాలర్ ఉంటాయి. గొంతు రాపిడిగా ఉంటుంది. ముఖం ఉబ్బి, కళ్ళు సగమే తెరుచుకోవచ్చు. అద్దం చూసుకుని భయపడవద్దు. ఈ వాపు రెండవ, మూడవ రోజుకు బాగా పెరిగి, ఆ తరువాత దానంతట అదే తగ్గుతుంది.

తలవైపు మంచాన్ని ఎత్తుగా ఉంచుతాము, కాని తల కింద దిండు ఇవ్వము. భుజాల కింద చుట్టిన దుప్పటి పెడతాము. అప్పుడు మెడ వెనక్కి వంగి చాపినట్లు ఉంటుంది. "దిండు లేకుండా ఎలా పడుకుంటుందమ్మా" అని చూడవచ్చిన బంధువులు జాలిపడి, మేము అటు తిరగ్గానే ఇంటి నుండి తెచ్చిన దిండు సర్దడం మాకు అలవాటైన దృశ్యమే. దయచేసి ఆ జాలి చూపవద్దు.

చాలామంది ఆశ్చర్యపడే సంగతి, మెడ కన్నా తొడ ఎక్కువ నొప్పిగా ఉంటుంది. చర్మం తీసిన చోట గాయం పైపైనే ఉంటుంది, నొప్పిని తెలిపే నరాల కొనలు బయటపడి ఉంటాయి. అడిగితే నొప్పికి మందు ఇస్తాము. ఓర్చుకోవడం గొప్ప అనుకోవద్దు. నొప్పి ఉన్న రోగి ఒళ్ళు బిగించి కదులుతుంది, అతికిన చర్మం జరుగుతుంది.

అతికిన చర్మానికి మొదటి ఒకటి రెండు రోజులు సొంత రక్తనాళాలు ఉండవు. కింది నుండి ఊరే ద్రవాన్నే పీల్చుకుని బ్రతుకుతుంది. రెండు మూడు రోజుల నుండి సన్నని రక్తనాళాలు కలుస్తాయి. వారానికి గట్టిపడుతుంది. ఈ వారంలో దానికి ముగ్గురు శత్రువులు: కింద చేరే రక్తం, కదలిక, క్రిములు. కాబట్టి ఎక్కువ మాట్లాడకూడదు, గట్టిగా నమలకూడదు, దగ్గు వస్తే వెంటనే చెప్పాలి. డాక్టరుగారు తాగవచ్చు అన్నప్పటి నుండి పాలు, జావ, మజ్జిగ, పప్పుకట్టు, పళ్ళరసం ఇవ్వాలి. వాటి తరువాత మెత్తటి అన్నం.

మెడ ఉన్నట్టుండి ఉబ్బి బిగిసినట్లున్నా, ఊపిరి ఆడకపోయినా, కట్టు మీదుగా ఎర్రటి రక్తం వస్తున్నా అర్ధరాత్రి అయినా సిస్టరును పిలవాలి. మమ్మల్ని విసిగించినట్లు కాదు.

మొదటి కట్టు విప్పే రోజు

సాధారణంగా అయిదవ రోజు ప్రాంతంలో మూట కట్టు విప్పుతారు. అతికిన చర్మం గులాబి రంగులో, కింద అంటిపెట్టుకుని ఉంటే బాగా పట్టినట్లు. అక్కడక్కడ కొంచెం నీలంగా ఉన్నా రెండు రోజులు చూస్తారు. నల్లబడి, జారుతూ, వాసన వస్తే అంతవరకు పట్టలేదన్నమాట. చిన్న మేర పోతే డ్రస్సింగులతో మానుతుంది. పెద్ద మేర పోతే మళ్ళీ చర్మం వేయవలసి రావచ్చు. మిగిలిన కుట్లు 7 నుండి 10 రోజులలో తీస్తారు.

ఆ రోజు చాలామంది అద్దం అడుగుతారు. మేము ఇస్తాము, కాని ముందు పక్కన కూర్చుని ఏమి కనబడబోతోందో చెబుతాము. అతికిన చోట పల్లంగా, అంచులు ఎత్తుగా, రంగు తేడాగా, కుట్ల గీతలు ఎర్రగా ఉంటాయి. చాపకు అంచు కుట్టినట్లు ఉందని ఒకామె అన్నది. నిజమే, ఆ రోజు అలాగే ఉంటుంది. అది తుది రూపం కాదు. మచ్చ మెత్తబడి చదునై రంగు సర్దుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

తొడ మీది గాయం

తొడ మీది కట్టును 10 నుండి 14 రోజులు కదపకూడదు. అది ఎండి పెచ్చులా గట్టిపడుతుంది. కింద చర్మం పుట్టాక అంచుల నుండి దానంతట అదే విడుతుంది. విడిన మేరకు కత్తెరతో కత్తిరించాలి, పట్టి లాగకూడదు. లాగితే లేత చర్మం దానితో ఊడి వస్తుంది. కట్టు తడిసి చీము వాసన వచ్చినా, చుట్టూ ఎర్రబడినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా ఆసుపత్రికి రావాలి. మానిన తరువాత ఆ చోటు కొన్ని నెలలు ముదురు రంగులో ఉండి దురద పెడుతుంది. రోజూ కొబ్బరినూనె రాస్తే మెత్తగా ఉంటుంది.

ఇంటికి వెళ్ళాక: కాలరే మీ రెండవ డాక్టరు

ఈ భాగాన్ని శ్రద్ధగా చదవమని కోరుతున్నాము.

అతికిన చర్మం కూడా కుంచించుకుపోవాలని చూస్తుంది. అది దాని గుణం. మొదటి ఆరు నెలల్లో ఈ లాగుడు చాలా బలంగా ఉంటుంది. దానికి ఎదురుగా మెడను చాపి నిలబెట్టేది కాలర్ ఒక్కటే. మొదట మెత్తటి స్పాంజి కాలర్, గాయం మానాక మెడ కొలతకు అచ్చు తీసిన ప్లాస్టిక్ కాలర్ ఇస్తారు. కనీసం ఆరు నెలలు రాత్రీ పగలూ పెట్టుకోవాలి. స్నానానికి, తిండికి, వ్యాయామానికి మాత్రమే తీయాలి. ఆ తరువాత ఎప్పుడు రాత్రికి మాత్రమే చాలునో డాక్టరుగారు చూసి చెబుతారు.

మా దగ్గర ఆపరేషన్ జరిగిన ఒక కోడలు మూడవ వారం చక్కగా తల ఎత్తి ఇంటికి వెళ్ళింది. ఇంటిలో పెళ్ళి వచ్చింది. "నలుగురిలో ఆ పట్టీ ఏమిటమ్మా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు, నాలుగు రోజులు తీసెయ్" అన్నారు అత్తగారు. ఆ నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. కాలర్ మళ్ళీ పెట్టబోతే పట్టలేదు, నొప్పి పుట్టింది. సరేలెమ్మని అటక మీద పెట్టేశారు. నాలుగు నెలలకు వచ్చినప్పుడు గడ్డం మళ్ళీ సగం దూరం కిందికి దిగి ఉంది. అత్తగారు చెడ్డమనిషి కారు. కోడలిని నలుగురూ వేలెత్తి చూపకూడదనే అన్నారు. కాలర్ ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే ఇప్పుడు డిశ్చార్జి రోజున రోగితో పాటు ఇంటి పెద్దను కూడా కూర్చోబెట్టి చెబుతున్నాము. ఇంటిలో మాట చెల్లేది ఎవరిదో వారే రావాలి.

కాలర్ వాడకంలో గమనించవలసినవి:

1. రోజూ సబ్బు నీటితో కడిగి, తుడిచి, ఆరబెట్టి పెట్టుకోవాలి. ప్లాస్టిక్ కాలర్‌ను వేడి నీటిలో వేయకూడదు, ఎండలోను పొయ్యి దగ్గరా పెట్టకూడదు. వేడికి ఆకారం మారిపోతుంది.

2. లోపల పలుచని నూలు గుడ్డ వేసుకోవచ్చు. చెమటకు తడిస్తే మార్చాలి. మే నెలలో రోజుకు నాలుగైదు సార్లు మార్చవలసి వస్తుంది.

3. కాలర్ తీసిన ప్రతిసారీ అద్దంలో చర్మం చూసుకోవాలి. ఎర్రటి గుర్తు అరగంటలో పోతే ఫరవాలేదు. పోకపోయినా, పొక్కు లేచినా కాలర్‌ను మూలన పడేయక తీసుకుని రండి. సరిచేసి ఇస్తారు.

4. పట్టకపోతే బలవంతంగా బిగించవద్దు, మానేయవద్దు. మెడ లాగుతున్నదనడానికి అదే మొదటి గుర్తు. ఆ వారంలోనే రావాలి.

బిగుతు తొడుగు, మాలిష్, వ్యాయామం

గాయం పూర్తిగా మూసుకున్నాక మచ్చ ఉబ్బకుండా ఎలాస్టిక్ గుడ్డతో కుట్టిన బిగుతు తొడుగు ఇస్తారు. రోజుకు 23 గంటలు వేసుకోవాలి. మిగిలిన గంట స్నానానికి, మాలిష్‌కు. రెండు తొడుగులు ఉంటే ఒకటి ఉతికి ఆరేలోపు రెండవది వేసుకోవచ్చు. చన్నీటితో ఉతికి, పిండకుండా నీడన ఆరవేయాలి. మూడు నెలల ప్రాంతంలో సాగిపోతుంది, అప్పుడు మార్చుకోవాలి. సాగిన తొడుగు వేసుకున్నా వేసుకోనట్టే. కొందరికి మచ్చ మీద సిలికాన్ జెల్ షీటు కూడా పెట్టమంటారు.

మాలిష్ రోజుకు మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ అయిదు నుండి పది నిమిషాలు చేయాలి. కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని చాలు, ఖరీదైన క్రీములు అక్కరలేదు. వేలి కొనతో మచ్చ తెల్లబడేంత ఒత్తి, గుండ్రంగా తిప్పాలి. పైపైన రుద్దితే లేత చర్మానికి పొక్కులు వస్తాయి. పుండు ఉన్న చోట మాలిష్ చేయకూడదు.

వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. ఎక్కువగా రెండు, మూడు వారాలకు మొదలవుతుంది. పద్ధతి ఇది:

- కూర్చుని మెల్లగా ఇంటి కప్పు వైపు చూడాలి. పది లెక్కపెట్టే వరకు అలాగే ఉండాలి.
- కుడి భుజం వైపు, ఎడమ భుజం వైపు తల తిప్పి పది లెక్కపెట్టాలి.
- చెవిని భుజం వైపు వంచాలి. భుజాన్ని చెవి వైపు ఎత్తకూడదు.
- నోరు వీలైనంత పెద్దగా తెరవాలి. నిలువుగా ఎన్ని వేళ్ళు పడుతున్నాయో ప్రతి వారం చూసుకోవాలి.

ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. లాగినట్లు ఉండాలి, చిరిగినట్లు ఉండకూడదు. పిల్లలతో అయితే గోడ మీద ఎత్తుగా బొమ్మ అతికించి చూడమంటే ఆటలా చేస్తారు.

దురద, తిమ్మిరి, రంగు

దురద చాలామందిని ఏడిపిస్తుంది, ముఖ్యంగా రాత్రి. నెలల తరబడి ఉండవచ్చు. గోళ్ళు కత్తిరించుకోవాలి, గోకే బదులు అరచేతితో తట్టాలి, నూనె రాసి తడి గుడ్డ వేయాలి. నిద్ర పట్టకపోతే మాత్ర ఉంటుంది, అడగండి.

అతికిన చర్మానికి మొదట్లో స్పర్శ ఉండదు. కొంత స్పర్శ నెమ్మదిగా వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు. కాబట్టి వేడి కాపడం పెట్టకూడదు, స్నానం నీళ్ళు చేతితో చూసి పోసుకోవాలి. పలుచటి గ్రాఫ్టులో చెమట గ్రంథులు, నూనె గ్రంథులు సరిగా ఉండవు. అందుకే అది ఎప్పుడూ పొడిబారుతుంది. నూనె రాసుకోవడం జీవితాంతపు అలవాటుగా చేసుకోవాలి.

మన వంటి చాయ గలవారికి అతికిన చర్మం చుట్టుపక్కల కన్నా నల్లబడుతుంది. ఎండ దానిని ఇంకా నల్లగా చేస్తుంది. ఏడాది పాటు బయటికి వెళితే గొడుగు, పమిట, తుండుగుడ్డ ఏదో ఒకటి తప్పనిసరి.

పథ్యం పేరుతో పస్తులు వద్దు

"పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే దురద, వంకాయ వాతం, నీళ్ళు ఎక్కువ తాగితే గాయం ఊరుతుంది." ఈ మాటలు విని రోగికి కారప్పొడి అన్నం, చారన్నం మాత్రమే పెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. చీము తిండి వలన రాదు, క్రిముల వలన వస్తుంది. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి. 50 కిలోల బరువున్న మనిషికి ఈ సమయంలో రోజుకు 60 నుండి 75 గ్రాములు అవసరం. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుండి 7 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు ఉంటాయి. కాబట్టి రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, రెండు పూటలా గట్టి పప్పు, గుప్పెడు వేరుశెనగలు, వీలున్నప్పుడు చేప లేక మాంసం పెట్టండి. జామకాయ, ఉసిరి, నిమ్మ, తోటకూర, మునగాకు కూడా ఇవ్వండి. రక్తం తక్కువగా ఉన్నవారు ఐరన్ మాత్రలు మానకూడదు. షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరుగారు చెప్పిన ప్రకారమే తినాలి.

బీడీ, సిగరెట్, చుట్ట ఏదైనా చర్మానికి రక్తం అందనివ్వదు. అడ్డచుట్ట కాల్చే పెద్దమ్మలకు కూడా ఇదే మాట. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు నుండి మానాలి, తరువాత మళ్ళీ మొదలుపెట్టకూడదు.

మనసు కూడా కోలుకోవాలి

కొందరు పొయ్యి వెలిగించాలంటే వణుకుతారు. మంటలు కలలోకి వచ్చి లేచి కూర్చుంటారు. బస్సులో జనం చూపులకు సిగ్గుపడి ఇంటి నుండి బయటికే రారు. ఇది పిరికితనం కాదు, గాయంలో ఒక భాగం. ఇంటివారు "పోయిన రూపం ఎలాగూ రాదు, ఊరుకో" అనకుండా కూర్చుని వినాలి. వారాలు గడిచినా నిద్ర, తిండి, మాట సహింపకపోతే మాతో చెప్పండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంకొక మాట నెమ్మదిగా చెబుతున్నాము. అన్ని గాయాలూ స్టవ్ పేలడం వలన వచ్చినవి కావు. అసలు జరిగింది చెప్పుకోలేని వారు డ్రస్సింగు సమయంలో సిస్టరుతో ఒంటరిగా మాట్లాడవచ్చు. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. తిరిగి వెళ్ళే ఇల్లు భద్రంగా లేకపోతే ఎంత బాగా చేసిన ఆపరేషన్ అయినా ఆ మనిషిని కాపాడలేదు.

వెంటనే రావలసిన లక్షణాలు

- ఊపిరి కష్టంగా ఉండడం, మెడ ఉన్నట్టుండి వాయడం
- కట్టు మీదుగా ఆగకుండా రక్తం కారడం
- 101 డిగ్రీలు దాటిన జ్వరం, చలి
- గాయం నుండి చెడు వాసన, చీము, చుట్టూ ఎరుపు పాకడం
- అతికిన చర్మం నల్లబడడం, జారిపోవడం
- కన్ను మూసుకోకపోవడం, ఎర్రబడడం

మొదటి రెండింటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తెలతాడు, నల్లపూసలు వేసుకోవచ్చా?
ఆపరేషన్ సమయంలో ఏ లోహమూ ఒంటి మీద ఉండకూడదు. కావాలంటే పసుపు తాడు చేతికి కట్టుకోవచ్చు. తరువాత మూడు నాలుగు నెలల వరకు గొలుసు అతికిన చర్మానికి రాసుకోకూడదు. కాలర్ పైనుండి వదులుగా వేసుకుంటే అభ్యంతరం లేదు.

పనిలోకి ఎప్పుడు వెళ్ళవచ్చు?
కూర్చుని చేసే పనికి మూడు, నాలుగు వారాలు. బరువులెత్తే పనికి, పొలం పనికి ఆరు నుండి ఎనిమిది వారాలు. పొయ్యి వేడికి, పొగకు వీలైనంత కాలం దూరంగా ఉండాలి. ఆ రెండు నెలలు వంట ఎవరు చేస్తారో ఆపరేషన్‌కు ముందే ఇంటిలో అనుకోండి.

పిల్లలకు మళ్ళీ ఆపరేషన్ అవసరమా?
పిల్లవాడు పెరిగినంతగా మచ్చ పెరగదు. కాబట్టి ఎదిగే వయసులో మళ్ళీ విడిపించవలసి రావచ్చు. ఏటా ఒకసారి చూపించాలి. కాలర్, తొడుగు కూడా ఎదిగేకొద్దీ మార్చాలి.

ఖర్చు ఎలా?
2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కాలిన తరువాత వచ్చే బిగుతుకు ఆపరేషన్లు చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్నది. ఏ ఆసుపత్రిలో చేస్తారు, కాలర్, తొడుగు అందులో వస్తాయా అనే సంగతి కార్డు తీసుకువెళ్ళి ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

బిగుతు అసలు రాకుండా చేయవచ్చా?
చాలావరకు చేయవచ్చు. ఒళ్ళు కాలిన వెంటనే 20 నిమిషాలు కుళాయి నీరు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, ఇంకు, పేడ, గుడ్డుసొన పూయకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తేవాలి. మెడ కాలితే మొదటి రోజు నుండే దిండు తీసేయాలి. మూడు వారాలకూ మానకపోతే "మెల్లగా అదే మానుతుందిలే" అని కూర్చోక చర్మం వేయించుకోవాలి.

మళ్ళీ ఎప్పుడు రావాలి?

డిశ్చార్జి అయిన వారానికి ఒకసారి, తరువాత మొదటి మూడు నెలలు నెలకొకసారి, ఆపైన మూడు నెలలకొకసారి, ఏడాది నిండే వరకు చూపించుకోవాలి. అంతా బాగానే ఉందనిపించినా రావాలి. రోజూ చూసుకునే అద్దానికి నెమ్మదిగా వచ్చే లాగుడు తెలియదు. మేము ప్రతిసారీ గడ్డానికి, ఛాతీ ఎముకకు మధ్య దూరాన్ని టేపుతో కొలిచి చీటీలో రాస్తాము. ఆ చీటీ, కాలర్, తొడుగు మూడూ వెంట తెచ్చుకోవడం మరువవద్దు.